గొడుగు తర్వాత డబ్బా

గేటు గడియ తీసిన చప్పుడుకి పెంకి ఒక చెవి ముందుకు పెట్టింది, ఇంకో చెవి వెనక్కి తిప్పింది, ముందు చెవి వీధికి, వెనక చెవి నాకు, అంటే నా మీద ఇంకా కాస్త నమ్మకం మిగిలి ఉందన్నమాట, లేకపోతే నేను ఊపిరి బిగబట్టి కూర్చున్న సంగతి తెలిసిపోయి ఈయనకేమైందా అని వింటోందన్నమాట, రెండోదే నిజమై ఉంటుంది, జీను మీద కూర్చున్న మనిషి భయాన్ని ముఖంలో కనబడకుండా చేసుకోగలడు గానీ తొడల్లో తెలియకుండా చేసుకోలేడు. వదులు, వదులు, మడమలు కిందికి, భుజాలు వదులు, అని నాకు నేనే చెప్పుకుంటుంటే పిన్నిగారు తాతగారి మీద అప్పుడే గేటు దాటేశారు. తాతగారంటే ఆవిడ ముసలి తెల్లగుర్రం, ఈ నగరంలో అది చూడనిదంటూ లేదు, పక్కన టైరు పేలినా ఈగ వాలినంత తీరిగ్గా తోక ఊపుతుంది. పిన్నిగారు ఈ గుర్రపుశాల యజమానురాలు, ఆవిడని పిన్నీ అని పిలవని వాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు, వయసులో ఆవిడ కన్నా పెద్దవాణ్ణి నేనూ అలాగే పిలుస్తాను, మొదట్లో నోరు తిరిగేది కాదు, కానీ ఆవిడే అన్నారు, "మేడమ్ అంటే నా వెనకాల ఇంకెవరో నిలబడ్డట్టు ఉంటుంది మాస్టారూ, పిన్నీ అనండి, అరిగిపోను" అని. శాలకి ఒక్కటే నియమం. పెరడు చిన్నది, గుర్రం కాళ్ళు చాచుకునే చోటు లేదు, కాబట్టి ఇక్కడుండే గుర్రం రోజూ వీధుల గుండా పార్కుకి వెళ్ళి రావాలి, వెళ్ళలేని గుర్రాన్ని ఇక్కడ కట్టి ఉంచితే అది జైలు, ఆవిడ ఒప్పుకోరు, ఆలోచిస్తే నేనూ ఒప్పుకోను. ఇప్పటికి రెండుసార్లు బయలుదేరాం, రెండుసార్లూ బేకరీ మూల దగ్గరి నుంచే వెనక్కి వచ్చాం, నేను దిగి, పగ్గాలు పట్టుకుని, దాన్ని నడిపించుకుంటూ. మూడోసారీ అంతే అయితే సాయంత్రం తోటాయన వచ్చి తీసుకుపోతాడు. తోటాయన మంచివాడు, ఊరి బయట పళ్ళతోటలు, పక్కన పెద్ద పచ్చిక, గుర్రాన్ని బిడ్డలా చూసుకుంటాడని అందరూ చెప్పారు. అతను చెడ్డవాడైతే బాగుండేది, కాదనడం తేలికయ్యేది. సరే పెంకీ, పద.

పెంకి అని పేరు పెట్టింది మా చెల్లి. పుట్టిన గుర్రప్పిల్ల కాసేపటికల్లా లేచి నిలబడాలి, ఇది నిలబడలేదట, బతిమాలితే చూసిందట, కసిరితే చూసిందట, చెల్లి విసిగిపోయి నీ ఇష్టమని అటు తిరిగి బకెట్టు కడుగుతుంటే వెనక నుంచి నడిచొచ్చి జడ నమిలిందట. ఫోన్లో ఇది చెబుతూ చెల్లి నవ్విన నవ్వుకి నేను చెవి నుంచి ఫోను కొంచెం దూరంగా పట్టుకోవలసి వచ్చింది, నేనప్పుడు స్టాఫ్ రూములో ఉన్నాను, ముందు లెక్కల పరీక్ష కాగితాల కట్ట, ఎదురుగా హెడ్మాస్టరు, నవ్వడానికి వీల్లేక పెదవి కరుచుకుని ఊ, ఊ అన్నాను, ఆ నవ్వు లోపలే ఉండిపోయిందేమో, సందులో ఇస్త్రీ బండి దాటుతుంటే ఇప్పుడు బయటికొస్తోంది. మా నాన్న గుర్రాలకి లాడాలు కొట్టేవాడు. లాడాల కోసం వచ్చిన గుర్రాలు వరస కట్టి పెరట్లో నిలబడితే, జీను లేకుండా, కళ్ళెం లేకుండా, జూలు పట్టుకుని ఎక్కేవాళ్ళం నేనూ చెల్లీ, నాన్న నోట్లో మేకులు పెట్టుకుని ఉండేవాడు కాబట్టి తిట్టలేకపోయేవాడు, సుత్తి చూపించేవాడు అంతే. తర్వాత నేను టీచరు ట్రైనింగుకి పోయాను, నా కాళ్ళు నేల మీదికి దిగాయి, చెల్లివి దిగలేదు. పోయిన చలికాలంలో చెల్లి పోయింది. పోయింది అని రాసినా, అన్నా, ఎక్కడికి అని ఎవరో అడుగుతారేమోనని ఒక క్షణం ఆగుతాను, ఎవరూ అడగరు, అందరికీ తెలిసిన మాటే. నెల తిరక్కుండా మేనకోడలు ఫోను చేసింది, "మావయ్యా, అమ్మ గుర్రాన్ని ఎవరికైనా ఇచ్చేయనా, నాకు ఉద్యోగంతో కుదరట్లేదు" అని, రెండు చొక్కాల్లో ఏది కొనుక్కోవాలో తేల్చుకోడానికి వారం పట్టే వాణ్ణి, "నా దగ్గరికి పంపెయ్" అన్నాను, ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది, నేనుండేది మూడో అంతస్తులో. లిఫ్టు కూడా లేదు.

సందు బాగానే ఉంది. సందు పెంకికి అలవాటే, సందులో ప్రతి గుమ్మం వాసనా దానికి తెలుసు, క్షౌరశాల అద్దం దగ్గర ఆగి తన ముఖం తాను చూసుకుంటుంది, లోపల సబ్బునురగతో కూర్చున్నాయన అద్దంలోంచి దాన్ని చూసి చెయ్యెత్తుతాడు, క్షౌరం చేసే ఆయన "మీరు కదలకండి, గుర్రాన్ని తర్వాత చూడొచ్చు, చెవి పోతే రాదు" అంటాడు. గచ్చు మీద డెక్కల చప్పుడు నాకు ఇష్టం, టక్ టక్ అని కాదు, రాసేటప్పుడు అందరూ టక్ టక్ అని రాస్తారు గానీ అది కొంచెం మెత్తగా, కొబ్బరిచిప్ప బోర్లించి నేల మీద కొట్టినట్టు ఉంటుంది, తాతగారిది మందంగా, పెంకిది చురుగ్గా, రెండూ కలిసి కాసేపు ఒకటై, మళ్ళీ విడిపోయి, మళ్ళీ ఒకటై. చెల్లి తన ఊళ్ళో దీని మీద ఎక్కడెక్కడికి తిరిగేదో, వాగుల్లో, రాళ్ళల్లో, పెళ్ళి ఊరేగింపుల మధ్యలోంచి కూడా వెళ్ళేదట, కానీ అక్కడ బస్సు రోజుకి రెండుసార్లు వచ్చేది, ఇక్కడ రెండు నిమిషాలకి రెండొస్తాయి. అందుకే నేను దానికి పాఠం మొదలుపెట్టాను. బడి నుంచి రాగానే, సంచి అయినా దించకుండా, శాల పెరట్లో. మొదట గొడుగు, దాని ముందు టప్పున తెరిచి మూసేవాణ్ణి. గొడుగు తర్వాత డబ్బా, గులకరాళ్ళు పోసిన రేకుడబ్బా గలగలలాడించేవాణ్ణి. డబ్బా తర్వాత ప్లాస్టిక్ పట్టా, నేల మీద పరిచి దాని మీద నడిపించేవాణ్ణి. పట్టా తర్వాత సైకిలు గంట. చివర పిన్నిగారి పాత స్కూటరు, స్టార్టు చేసి దాని చుట్టూ తిప్పేవాణ్ణి, స్కూటరు ఆపెయ్యగానే క్యారెట్టు. రోజూ ఇంతే, ఒకటి తప్పకుండా, ఒకటి ముందు వెనక కాకుండా, పాఠానికి వరస ఉండాలని ముప్పై ఏళ్ళుగా పిల్లలకి చెబుతూ వచ్చిన వాణ్ణి కదా.

ఎంత బాగా వచ్చిందంటే, చివరి చివరికి గొడుగు మూయగానే పెంకి తనే డబ్బా వైపు తల తిప్పేది, డబ్బా ఆపగానే పట్టా వైపు నడిచేది, నేను ఏ క్లాసులోనూ ఇంత మంచి విద్యార్థిని చూడలేదు, తుమ్మకుండా, పక్కకి చూడకుండా, పరీక్షలో మొదటి బెంచీ పిల్లలా. పిన్నిగారు గుమ్మానికి చేరగిలబడి చూసి, "బాగుంది మాస్టారూ, మరీ బాగుంది" అన్నారు, ఆ మరీ అన్న మాట దగ్గర నేను ఆగి ఉండవలసింది, ఆగలేదు, మెచ్చుకున్నారనుకున్నాను. మొదటిసారి బేకరీ మూల నుంచి వెనక్కి రాగానే నాకు తోచిందేమిటంటే, సాధన చాలలేదని. రెండుపూటలా చేయించాను. రెండోసారి వెనక్కి వచ్చాక, సెలవు రోజుల్లో మూడుపూటలా.

బేకరీ మూల ఇదిగో వచ్చింది. వేడి రొట్టె వాసన, ఆ వాసన వెనకాల పెద్దరోడ్డు, రోడ్డంతా ఒకటే పెద్ద గొంతు, అందులో ఏ చప్పుడు దేనిదో విడదీసి చెప్పలేం, తాతగారు మలుపు తిరిగి రోడ్డు వారగా నడిచిపోయారు, పెంకి మలుపు దాకా వచ్చింది, సరిగ్గా అప్పుడే సరుకులు చేరవేసే కుర్రాడి స్కూటరు మా పక్క నుంచి జుయ్యిమని పోయింది, పెంకి ఆగింది. మళ్ళీ అదే చోటు. నాలుగు కాళ్ళూ పాతేసినట్టు, మెడ పైకి, నా తొడల కింద దాని ఒళ్ళంతా ఒక ప్రశ్నలా బిగిసింది. పోయిన రెండుసార్లూ ఇక్కడే దిగాను, స్కూటరుకి భయపడుతోందనుకున్నాను, అందరం అదే అనుకున్నాం. కుడికాలు రికాబులోంచి తీయబోయాను, తీయబోతూ, ఎందుకో తెలియదు, బహుశా ఇదే ఆఖరిసారి కాబట్టి, దాని ముఖం చూద్దామని ముందుకి వంగాను. భయం లేదు. స్కూటరు వైపు చూడట్లేదు అసలు. భయపడ్డ గుర్రం భయపెట్టినదాన్నే చూస్తుంది, కళ్ళు తెల్లబడతాయి, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి, ఇది మాత్రం ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది, పేవ్‌మెంటు మీది మనుషుల చేతులు ఒక్కొక్కటీ చూసింది, తలకాయ దించి ఒక సంచిలోకి కూడా తొంగి చూసింది. దేనికోసమో వెతుకుతోంది. ఈ చూపు నాకు తెలుసు. ఏడో ఎక్కం గడగడా చెప్పేసే పిల్లవాణ్ణి నిలబెట్టి, మధ్యలోంచి ఏడు ఎనిమిదులు ఎంతరా అంటే, వాడు నన్ను చూడడు, పైకప్పు చూస్తాడు, పెదవులు కదుపుతూ మొదటి నుంచి మొదలుపెట్టడానికి ఒకటో మెట్టు వెతుక్కుంటాడు. స్కూటరు వచ్చేసింది. అది చివర రావలసింది. గొడుగేది?

దేవుడా, గొడుగేది అని నిలబడింది ఇది.

నవ్వొచ్చింది నాకు, గట్టిగా, నడిరోడ్డు మీద, గుర్రం మీద కూర్చుని ఒంటరిగా నవ్వే మనిషిని చూసి బేకరీ ముందు వరసలో వాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. కానీ బస్సు స్టాపులో ఒక పెద్దావిడ ఉంది, చేతిలో మడిచిన నల్ల గొడుగు, ఎండ ముదిరితే వేసుకుందామని తెచ్చుకున్నదై ఉంటుంది. ముక్కూ మొహం తెలియని మనిషిని టైమెంత అని అడగడానికి కూడా నాలుగుసార్లు గొంతు సవరించుకునే వాణ్ణి.

"అమ్మా, ఒక్క సాయం చెయ్యాలి. మీ గొడుగు ఒకసారి తెరుస్తారా?"

ఆవిడ ఆకాశం చూసింది. "వాన లేదు కదండీ."

"వానకి కాదండి. గుర్రానికి."

"గుర్రానికి గొడుగేంటి నాయనా?"

పక్కన నిలబడ్డాయన, "అడిగాడు కదా తియ్యవమ్మా, బస్సు ఎటూ రాదు ఇప్పుడే" అన్నాడు.

"తీస్తే బెదిరి మీద పడదు కదా?"

"పడదండి. తియ్యకపోతేనే కదలదు."

ఆవిడ గొడుగుని మాకు దూరంగా పెట్టి, కళ్ళు మూసుకుని, టప్పున తెరిచింది. పెంకి ఒళ్ళంతా వదులైంది. తుస్సుమని ముక్కుతో పెద్ద ఊపిరి వదిలి, తల దించి, చక్కగా నాలుగడుగులు నడిచింది, నడిచి, ఆగి, డబ్బా కోసం చూసింది. స్టాపులో వాళ్ళంతా చప్పట్లు కొట్టారు, పెద్దావిడ కళ్ళు తెరిచి "అయిపోయిందా?" అంది. ముందు వెళ్ళిన పిన్నిగారు తాతగారిని వెనక్కి తిప్పుకుని వచ్చారు, ఏమైంది అన్నారు, చెప్పాను, ఇంత చిన్న సంగతి చెప్పడానికి నాకు సిగ్గేసి మాటలు తడబడ్డాయి, గొడుగు, తర్వాత డబ్బా, తర్వాత పట్టా. ఆవిడ ముందు అర్థం కానట్టు చూశారు, తర్వాత తాతగారి మెడ మీదికి వాలిపోయి నవ్వారు.

"అయ్యో మాస్టారూ. గుర్రానికి కూడా బట్టీ పట్టించారా."

"అలా అయిపోయింది పిన్నిగారూ."

"అయిపోయిందేముంది, చక్కగా నేర్పారు. ఫస్ట్ క్లాసులో పాసయ్యేది, పాపం, సిలబస్‌లో ఉన్నదే అడిగుంటే. ఇప్పుడేం చేద్దాం, ఊళ్ళో వాళ్ళందరికీ తలా ఒక డబ్బా పంచుదామా?"

మా చెల్లి ఎక్కాలు ఎప్పుడూ వరసలో చెప్పలేదు. నేర్పింది నేనే, నాకు పదకొండు, దానికి ఏడు, పెరట్లో పీట వేసి కూర్చోబెట్టి ఏడో ఎక్కం చెప్పు అంటే, ఏడేళ్ళు నలభై తొమ్మిది దగ్గర మొదలుపెట్టేది, ఎందుకే అక్కడ అంటే, "అది నాకిష్టం అన్నయ్యా" అనేది, అక్కడి నుంచి గెంతి ఏడు మూళ్ళకి వచ్చేది, మధ్యలో ఎనిమిదో ఎక్కంలోకి పోయి ఒకటి తెచ్చుకునేది, తోటలో కాయలు కోసుకున్నట్టు, నాకు ఒళ్ళు మండేది, బెత్తం లేదు గానీ ఉంటే వాడేవాణ్ణి. కానీ ఎక్కడ అడిగినా చెప్పేది. నేను ఇప్పటికీ ఏడు ఎనిమిదులు అంటే లోపల కొంచెం మొదటి నుంచి వస్తాను, ఎవరికీ తెలియకుండా. ఈ గుర్రాన్ని కూడా చెల్లి అలాగే పెంచి ఉంటుంది, ఒకరోజు వాగు ముందు, ఒకరోజు ఊరేగింపు ముందు, ఏది ఎదురైతే అది. అలా పెరిగిన దానికి వరస నేర్పింది నేను. ఈ మూలన నిలబడి దాని మెడ నిమురుతుంటే నాకు తెలిసింది, చలికాలం నుంచీ నేను కూడా అలాగే ఉన్నాను, లేవడం, బడి, గొడుగు, డబ్బా, పట్టా, వంట, దీపం ఆర్పడం, వరస తప్పితే పడిపోతానేమోనని.

జేబులో క్యారెట్లున్నాయి. స్కూటరు తర్వాతే ఇవ్వవలసినవి. ఒకటి తీశాను, ఏమీ జరక్కముందే, ఏ పాఠం ఒప్పజెప్పకముందే, ముందుకి వంగి నోటికి అందించాను. పెంకి దాన్ని నోట్లో పెట్టుకుని నమలకుండా అలా ఉండిపోయింది. ఇప్పుడా, అని. మొదటి పీరియడ్లో సెలవిచ్చేస్తే పిల్లల ముఖాలు ఎలా ఉంటాయో అలాగే, నమ్మాలా వద్దా, ఇందులో ఏదైనా మోసం ఉందా. తర్వాత కరకరా నమిలింది. నమిలే గుర్రం బిగుసుకుని ఉండలేదు, రెండు పనులూ ఒకేసారి దానికి కుదరవు. "ఏదో ఒకటి మాట్లాడండి దాంతో, మీరు మూగనోము పడితే అది మాత్రం ఏం చేస్తుంది" అన్నారు పిన్నిగారు, ఏం మాట్లాడాలో తెలియక, ఏడేళ్ళు నలభై తొమ్మిది, అన్నాను. వెనక చెవి నాకేసి తిరిగింది. ఆరార్లు ముప్పై ఆరు. నడిచింది. తొమ్మిదెనిమిదులు డెబ్బై రెండు. డబ్బా లేకుండానే, పట్టా లేకుండానే, బస్సు స్టాపు దాటింది, పెద్దావిడ గొడుగు మూయకుండా అలాగే పట్టుకుని చూస్తూ నిలబడింది, ఎందుకైనా మంచిదని కాబోలు.

తర్వాత అన్నీ వచ్చాయి, పిల్లలు బడి వదిలినప్పుడు గేటులోంచి వచ్చినట్టు, ఏ వరసా లేకుండా. చెత్తబండి గర్రుమంటూ డబ్బాని ఎత్తి తలకిందులు చేసింది, పెంకి నిలబడింది, నేను నిలబడనిచ్చాను, చూడనిచ్చాను, అది చెత్తబండి, దాని పని అది చేసుకుంటోంది అన్నాను, క్యారెట్టు. ఒక చిన్నపిల్ల బుడగ పట్టుకుని ఎదురొచ్చింది, బుడగ మా ముక్కుకి తగిలింది, మేం దాన్ని వాసన చూశాం, దానికి వాసన లేదు. నిచ్చెన భుజాన వేసుకుని రంగులేసే ఆయన అడ్డంగా దాటాడు, "ఏం సారూ, పెట్రోలు రేటు చూసి మార్చేశారా బండి" అన్నాడు, నేను ఒకరోజు ఆలోచిస్తే గానీ జవాబు తోచని మనిషిని, "దీనికీ పోయించాలండీ, నోట్లో" అన్నాను వెంటనే, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, అతను నవ్వుతూ నిచ్చెనతో ఒక చుట్టు తిరిగిపోయాడు. ఏమీ జరగని చోట కూడా ఒక క్యారెట్టు ఇచ్చాను, ఊరికే, ఎండ బాగుందని. పెంకి ఇప్పుడు చెవులు బిగించట్లేదు, రెండు చెవులూ రెండు వైపులకి వదిలేసి, ఇటొకటి అటొకటి వింటూ, సంతకి వచ్చిన ఇల్లాలిలా నడుస్తోంది. కూడలి దగ్గర పిన్నిగారు చెయ్యెత్తి ఆపారు, పచ్చ లైటు పడింది, దాటుతుంటే కుడివైపు నుంచి మలుపు తిరిగిన బస్సు మా మీదికి ఒరిగినంత దగ్గరగా వచ్చి ఉస్సుమని గాలి వదిలింది, పెంకి పక్కకి గెంతింది. గెంతింది, నేను కాస్త జారాను, జూలు పట్టుకున్నాను, చిన్నప్పటిలాగే, పగ్గాలు కాదు జూలు, ఇక అయిపోయింది, తోటాయన, సాయంత్రం, అనుకున్నాను, కానీ అది గెంతిన చోట నిలబడి బస్సుకేసి తిరిగి, కోపంగా, అచ్చం అది ఎలా ఉస్సుమందో అలాగే ముక్కుతో ఉస్సుమంది. చెప్పవలసింది చెప్పేసి ముందుకి నడిచింది. పిన్నిగారు వెనక్కి తిరిగి, "విన్నారా, తిరిగి సమాధానం చెప్తోంది, మీ క్లాసులో అయితే బెంచీ ఎక్కించేవారు" అన్నారు.

పార్కు. గేటు దాటగానే చప్పుడంతా వెనకాల తలుపు వేసినట్టు తగ్గిపోయింది, కాళ్ళ కింద మట్టి, మెత్తటి మట్టి, ఎవరో ఇప్పుడే నీళ్ళు చల్లిన వాసన, చెట్ల కింద గుర్రాల బాట సన్నగా వంపు తిరిగి పోయింది. తాతగారు కూడా చెవులు నిక్కించారు. "కానివ్వండి మాస్టారూ" అన్నారు పిన్నిగారు, నేనేమీ చెయ్యలేదు, మడమ కూడా తాకించలేదు, కానివ్వండి అన్న మాట నాకన్నా ముందు పెంకికి అర్థమైంది, నడక పరుగైంది, పరుగు దౌడైంది, గాలి కళ్ళజోడు కిందికి దూరి కళ్ళలో నీళ్ళు తెప్పించింది, గాలే తెప్పించింది, చెట్లు వెనక్కి, బెంచీలు వెనక్కి, బెంచీల మీద పేపరు చదివే వాళ్ళు పేపరు దించి వెనక్కి, నా కింద నాలుగు కాళ్ళు నేలని వదిలి ఒక్క క్షణం ఎక్కడా లేకుండా ఉండి మళ్ళీ దిగుతున్నాయి, ఎక్కడా లేని ఆ క్షణం, దాన్ని చెల్లి రోజూ అనుభవించింది కాబోలు, ముప్పై ఏళ్ళు ఫోనులో చెబుతూనే ఉంది, నువ్వు ఒకసారి రా అన్నయ్యా, ఒకసారి ఎక్కు, పరీక్షలయ్యాక వస్తానే అనేవాణ్ణి, పరీక్షలెప్పుడూ ఉంటాయి. అయినా బాధ అనిపించలేదు. బాధకి జాగా లేదు అందులో, అంత వేగంలో ఒక్కరికే చోటుంటుందనుకుంటాం, ఇద్దరం పట్టాం, పెంకితో ముగ్గురం. అరిచాను కూడా. ఏమని అరిచానో తెలియదు, మాట కాదు అది. బాట చివర ఆగి చూస్తే టోపీ లేదు, పిన్నిగారు వెనక నుంచి మెల్లగా వచ్చి టోపీ అందించి, నా ముఖంలోకి ఒకసారి చూసి, తాతగారి జూలు సరిచేశారు.

తిరుగు దారిలో అన్నీ తలకిందులుగా రావాలి, ముందు కూడలి, తర్వాత చెత్తబండి నిలబడ్డ చోటు, తర్వాత స్టాపు, నాకు ఆ ఆలోచన వచ్చి ఒక్క క్షణం గుబులేసింది గానీ పెంకికి రాలేదు. కూడలిలో ఎర్ర లైటు. మేమిద్దరం ముందు వరసలో, నా ఎడమ పక్క తాతగారు, కుడి పక్క పళ్ళబుట్టలేసుకున్న ఆటో, వెనకాల బస్సు ఇంజను గుడగుడలాడుతూ. ఎండ వీపు మీద వెచ్చగా ఉంది. కాసేపటికి నా కింద ఏదో మారినట్టనిపించింది, జీను కొంచెం ఎడమకి ఒరిగింది, జారుతోందా, పట్టీ వదులైందా అని వంగి చూశాను. పెంకి ఒక వెనక కాలు మడిచి డెక్క కొన నేలకి ఆనించి నిలబడింది. తల కిందికి వాలింది. కింది పెదవి వేలాడింది. కళ్ళు సగం మూతపడ్డాయి, తర్వాత పూర్తిగా.

నిద్రపోయింది.

పిన్నిగారికి చెయ్యి ఊపాను, చప్పుడు చెయ్యకండని వేలు పెదవి మీద పెట్టుకున్నాను, ఇన్ని హారన్ల మధ్య, ఆ పని చేశాక నాకే నవ్వొచ్చింది. ఆవిడ పెంకిని చూశారు, పెదవిని, మడిచిన కాలిని చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, గొంతు తగ్గించి, "తోటబావగారూ, నేనే. సాయంత్రం రావద్దండి. వేరే గుర్రం చూస్తాను మీకు. లేదు లేదు, జబ్బేం కాదు. నిద్రపోతోంది" అన్నారు. క్లాసులో నిద్రపోయే పిల్లల్ని నేనెప్పుడూ లేపలేదు, హెడ్మాస్టరు తప్పుపట్టినా లేపలేదు, ఇంట్లో నిద్ర లేని పిల్లవాడికి బడిలో నిద్ర పట్టిందంటే ఆ చోటు మంచిదని వాడికి అనిపించిందన్నమాట, పాఠం రేపైనా చెప్పొచ్చు. ఆసుపత్రిలో చెల్లికి నిద్ర పట్టేది కాదు, మందులకి కూడా లొంగేది కాదు, నా సంచిలో ఆరో తరగతి భూగోళం పుస్తకం ఉంటే అదే తీసి చదివాను, నదులు, పీఠభూములు, గాలులు వీచే దిక్కులు, "నీ పాఠం వింటే ఎవరికైనా నిద్రొస్తుంది అన్నయ్యా" అని నవ్వి, రెండో పేజీకల్లా నిజంగానే పడుకుంది, నేను మాత్రం అధ్యాయం చివరిదాకా చదివాను, ఆపితే లేస్తుందని.

పచ్చ లైటు పడింది. ఆటో కదిలింది, బళ్ళన్నీ కదిలాయి, వెనకాల బస్సు హారను కొట్టింది, పెంకి ఒక చెవి మాత్రం కదిపి మళ్ళీ వాల్చేసింది. డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వచ్చాడు.

"ఏంటి సార్, ఆగిపోయిందా?"

"లేదండీ. పడుకుంది."

"పడుకుందా? ఇక్కడా?"

"ఇక్కడే."

అతను ఒకసారి పెంకిని చూశాడు, ఒకసారి లైటుని చూశాడు. లోపల ఎవరో ఏమైందయ్యా అని అడిగితే వెనక్కి తిరిగి ఏదో చెప్పాడు, కిటికీల్లోంచి తలలు వచ్చాయి. నేను పగ్గాలు వదులుగా పట్టుకుని, దాని పక్కటెముకలు నా కాళ్ళ మధ్య మెల్లగా పైకి లేచి దిగుతుంటే, దాంతోపాటు నేనూ ఊపిరి తీసి వదులుతూ కూర్చున్నాను. లైటు మళ్ళీ ఎర్రగా మారింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.